చతురస్రం మూలల కోసం డబ్బా పీకినవారికి

ఏమండీ, బల్ల మీది ఆసిలోస్కోపు, అదే, తెర మీద కరెంటు అలలు గీసే మీ పెట్టె, ప్లగ్గు పెట్టకండి. అసలు ముట్టుకోనే వద్దు. పొద్దున దుమ్ము తుడుస్తుంటే వేలికి చురుక్కుమంది. టెస్టర్ పెట్టి చూస్తే దాని రేకుకే కరెంటు వస్తోంది. దీపం దివ్యంగా వెలిగింది.

మీ పాత కంప్యూటర్ గీసే బొమ్మలు దాని తెర మీద చూడటానికి రెండింటినీ కలిపారు కదా, ఆ వైరు ఇప్పుడు తిన్నగా కంప్యూటర్ లోపలికే పోతోంది. కరెంటు అటు దాటకుండా మధ్యలో ఉండాల్సిన రక్షణ డబ్బాని తమరు పీకేశారు మరి. అది ఉంటే తెర మీద చతురస్రం మూలలు గుండ్రంగా వస్తున్నాయట! ఆ మూలలతో మనం కూరగాయలు తరగాలా? ఉండనివ్వండి అంటే, "నీకు తెలీదులే" అన్నారు. ఫిజిక్సు చదివింది నేను, తెలిసింది మీకు.

స్కోపు ప్లగ్గూ, ఆ వైరూ పీకేశాను. కంప్యూటర్‌ని టీవీకి తగిలించి చూశాను, అదృష్టం, బతికే ఉంది. చిప్పు కాలి ఉంటే ఇప్పుడెక్కడా దొరకదు. మీరు అన్నం మీద అలిగేవారు, బతిమాలే పని నాకు పడేది. డబ్బా బీరువా పై అరలో ఉంది. స్కోపు బాగుచేయించాక, అది మధ్యలో పెట్టి గానీ తగిలించకండి.

అత్తయ్యని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. కూర వేడి చేసుకోండి.

అన్నట్టు, డబ్బా తీసెయ్యమని సలహా ఇచ్చిన మీ అన్నయ్యగారికి ఫోన్ చేశాను. "ఏం కాదులేమ్మా" అన్నారు. టెస్టర్ సంగతి చెప్పాను. అంతే, స్పీకర్‌లో అత్తయ్య వింటుండగానే, "వాడికి తియ్యమని చెప్పింది నేనే. తప్పు నాదేనమ్మా" అన్నారు.