ఎకసెక్కెం అంటే ఏటి మాస్టారూ?

కవిటి

తెలుగు మాస్టారు సింహాచలం గారికి నమస్కారాలు.

టెక్కలి వారపత్రికలో మీరు మాటలకు అర్థాలు చెబుతారని విని రాస్తున్నాను. నా పేరు ఢిల్లీరావు. కొబ్బరి రైతుని, ఒంటిగాణ్ణి. మా బావ యుగంధర్‌కి కిడ్నీలు దెబ్బతిన్నాయి. సోమ, గురువారాలు డయాలసిస్‌కి పలాస వెళ్తాడు. మొన్న టీకొట్టు దగ్గర, "వారానికి రెండ్రోజులు ఏసీలో పరుపు మీద పడక! నీదేటి బావా, పెళ్ళికొడుకు బతుకు" అన్నాను. "ఎకసెక్కాలాడకు" అని మొహం తిప్పుకున్నాడు. అది తిట్టా? రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఆయనొక్కడే.

ఇట్లు,
ఢిల్లీరావు

తా.క.: తిట్టయితే కొంచెం మెల్లిగా చెప్పండి.

టెక్కలి

ఢిల్లీరావు గారికి,

ఎకసెక్కెం అంటే ఎగతాళి, వెటకారం, ఎదుటివారిని చులకన చేసే మాట. తిట్టు కాదు గానీ ఆయన నొచ్చుకున్నట్టే. "నాది కేవలం పరిహాసం" అని చెప్పి చూడండి.

ఉంటాను,
సింహాచలం

తా.క.: జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకండి. వారంలో రెండు రోజులు ఊళ్ళో ఉండను.

కవిటి

మాస్టారికి,

మీ మాట నా కొంప ముంచింది. "బావా, నాది పరిహాసం" అన్నాను. ఆయనకి 'పరిహారం' అని వినపడింది. "ఏ తుఫానుదిరా?" అంటూ ఇంటికి పరిగెత్తి ఆధార్ జిరాక్సు, పడిపోయిన కొబ్బరిచెట్ల ఫోటోలు పట్టుకొచ్చాడు. నేను ఆపుకోలేక నవ్వేశాను. కాగితాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మీ
ఢిల్లీరావు

తా.క.: టీకొట్టు కాసులమ్మ కూడా జిరాక్సు ఇచ్చింది. ఏం చెయ్యమంటారు?

టెక్కలి

ఢిల్లీరావు గారికి,

తప్పు నాదే. ఇక ఎగతాళి పూర్తిగా మానేయండి. "బావగారూ, మీరు" అని మర్యాదగా పిలవండి. ఆరోగ్యం అడగండి.

సింహాచలం

తా.క.: ముప్పై ఏళ్ళు మాస్టారుగిరీ చేశాను. నన్నెవరూ ఎగతాళి చెయ్యరు. అందుకే ఈ విషయంలో నాకు అనుభవం తక్కువ.

కవిటి

మాస్టారూ,

వారంగా మర్యాదగా ఉంటున్నాను. "బావగారూ, కులాసానా?" అంటాను. "ఆఁ" అంటాడు. ఆ తర్వాత ఇద్దరం టీ గ్లాసుల్లోకి చూసుకుంటాం. ఇంట్లో ఎప్పుడూ ఒక్కణ్ణే తింటాను. కానీ ఇదివరకు పొద్దున్న అనుకున్న మాటలు తలుచుకుని నవ్వుకుంటూ తినేవాణ్ణి. ఒంటరితనం అంటే ఏమిటో మిమ్మల్ని అడగక్కర్లేదు, తెలిసిపోయింది.

ఢిల్లీరావు

తా.క.: గురువారం ఆసుపత్రికి చిలకపచ్చ చొక్కా వేసుకుని బయల్దేరాడు. మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

టెక్కలి

ఢిల్లీరావు గారికి,

ఆ రెండు రోజులూ నేను వెళ్ళేది పలాసకే. నాకూ కిడ్నీలే. ఈ గురువారం నా మంచం మార్చారు. పక్క మంచం మీద చిలకపచ్చ చొక్కా మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరించాను.

"మా బామ్మర్ది నన్ను బావగారూ అంటన్నాడు మాస్టారూ. నాకు రోజులు దగ్గరపడిపోనాయని ఆడికెవులో సెప్పేసినట్టున్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

నాకు విషయం అర్థమైంది. మీ కథంతా చెప్పాను. కాసులమ్మ జిరాక్సు దగ్గర ఆయన నవ్విన నవ్వుకి నర్సమ్మ వచ్చి ఇద్దర్నీ కసిరింది.

"ఎకసెక్కాలాడకు అంటే మానీమని కాదు, ఇంకోటి అనమని. ఆడికి తెల్దేటి?" అన్నాడు. ఈ అర్థం నా నిఘంటువులో లేదు. రాసుకున్నాను.

సోమవారం ఆయనతో మీరూ రండి. చొక్కా గురించి మింగేసిన మాట మరిచిపోకండి.

మీ
సింహాచలం

తా.క.: నా మీద కూడా ఒకటి తెండి. నాకు బట్టతల. పనికొస్తుందేమో చూడండి.