దారం కట్టిన వాల్వులు

చిట్టితల్లీ,

ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేనని ఇలా రాస్తున్నాను. తిట్టు, కానీ అన్నం తిన్నాక తిట్టు.

మన పాత జీపు ఇంజను అరిగిందని సిలిండర్లు తొలిపించే బోరింగు షాపుకి పట్టుకెళ్తూ, "అమ్మమ్మా, అట్టకి గుచ్చిన ఈ ఎనిమిది వాల్వులూ ముట్టుకోకు" అన్నావు. ముట్టుకున్నాను. నిన్న షెడ్డులోకి జల్లు కొట్టి అట్ట తడిసిపోయింది. నువ్వు వేసిన అంకెలు కారిపోతుంటే నా ప్రాణం ఊరుకోలేదు.

తీసేముందు ఒక్కోదానికి దారం కట్టాను. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అలాగ. అయిదు దాకా బాగానే ఉంది. ఆరూ ఏడూ కట్టకముందే చేతిలోంచి జారిపడ్డాయి. ఎనిమిదోది అట్టకే ఉంది, దానికి ఎనిమిది ముళ్లు వేశాను. పడ్డవాటిలో ఏది ఏదో తెలియలేదమ్మా. ఆ రెంటికీ ఎర్రదారం కట్టి, అన్నిటినీ నా పెట్టెలో చీరల మధ్య దాచాను. వంగాయేమో కూడా చూసుకో.

ఇంజనులో దేని గూడు దానిదేనని, మూడు రోజులు కూర్చుని ఒక్కోదాన్నీ గంధం తీసినట్టు అరగదీశావు. జీపు బాగవగానే కొండమీద మా అక్క దగ్గరకు తీసుకెళ్తానన్నావు. ఈ ముసలాళ్లకి ఇంకెన్నాళ్లని తొందరపడి, ఆ రెంటినీ అందాజాగా పెట్టేయకు. మళ్లీ అరగదీయి. దారిలో జీపు ఆగి నువ్వు అవస్థపడితే నేను తట్టుకోలేను.

ఇంకో వారం పడుతుందని అక్కకి చెప్పేశాను. "చిన్నప్పటి నుంచీ నీ చేతిలో వస్తువు నిలిచిందా? ఆలస్యమైతే అయింది, రావే" అని నవ్వింది.

తొందరేం లేదు. సంచీ మాత్రం సర్దేశాను.

నీ అమ్మమ్మ