వల దింపని వేసవి

అస్టోరియా,
1896 జూలై 9

అమ్మకు,

నేనూ, నీ అల్లుడు ఈసక్కీ, పిల్లలూ ఒంట్లో బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని, రై చేను ఈసారైనా మంచు దెబ్బ తినలేదని అనుకుంటున్నాను.

ఈ నదిలో సాల్మన్ చేప నిజంగా మనిషంత ఉంటుందా అని అడిగావు. అంత కాదుగానీ, పెద్దది పడితే మా ఐదేళ్ళ లీనా కన్నా ఎక్కువే తూగుతుంది. మన దేశం నుంచి వచ్చినవాళ్ళు పడతారు, చీనావాళ్ళు కోస్తారు, ఫ్యాక్టరీలో డబ్బాల్లో మూసి ఉడికించి ఓడలకెక్కిస్తారు. ధర మాత్రం ఫ్యాక్టరీ యజమానులే చెబుతారు.

ఈ ఏడు అక్కడే చెడింది. పౌనుకు నాలుగు సెంట్లే అన్నారు. పడవలూ వలలూ చాలావరకు వాళ్ళవే కాబట్టి, పట్టినదాంట్లో మూడోవంతు అద్దె కిందే పోతుంది. ఐదు సెంట్లిచ్చేదాకా ఎవరూ వల దింపకూడదని బెస్తల సంఘంలో ఒట్టు పెట్టుకున్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చేపలు గుంపులుగా ఎదురెక్కి పోతుంటే మగవాళ్ళు ఒడ్డున నిలబడి చూశారు. మేము కాఫీకి బదులు మాడ్చిన రై గింజలు కాచుకుని తాగాం. చివరికి గొడవలు అణచడానికి సైన్యం కూడా దిగింది.

తమ్ముడు హెర్మన్ ఎందుకు రాయడం లేదని కదా నీ బెంగ. అది రాయడానికే చేయి రావడం లేదు.

మే నెలలో మరదలు ఈదాకు మగపిల్లాడు పుట్టాడు. తిండి లేక దానికి పాలు పడలేదు. జూన్ మొదట్లో ఒకరోజు వెళ్తే, బల్ల మీద ఆవుపాలు, తెల్ల రొట్టె కనిపించాయి. ఈదా తల ఎత్తలేదు. తమ్ముడు పొద్దున్నే పొగమంచు చాటున వల వేసి, ఫ్యాక్టరీ పడవకు చేపలు అమ్ముతున్నాడని నాకు అర్థమైంది.

ఆ వారమే అలా దొంగచాటుగా వల వేసిన ఇద్దరు తమ పడవలోనే తుపాకి గుండ్లు తగిలి చచ్చిపడి ఉన్నారు. ఎవరు కాల్చారో తేలలేదు. ఇక ఆగలేక ఈసక్కికి చెప్పేశాను. సంఘం తరఫున నది మీద కాపలా తిరిగేవాళ్ళలో తనూ ఒకడు.

"నువ్వు చెప్పి మంచిపని చేశావు. ఇంకెవరి కంటా పడకముందే చెవి పట్టుకుని ఇంటికి తెస్తాను" అన్నాడు.

మర్నాడు ఆరుగురు వెళ్ళారు. ఈసక్కి మాట మిగతావాళ్ళు వినలేదు. వల ముక్కలు చేశారు. అడ్డుపడిన తమ్ముడి మణికట్టు మీద తెడ్డుతో కొట్టారు. గొడ్డలితో పడవ అడుగు పగలగొట్టారు. నీ అల్లుడే నీళ్ళలోకి దూకి వాణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఆ చేతి వేళ్ళు ఇప్పటికీ ముడవడం లేదు. ఇంకొన్నాళ్ళకే నాలుగున్నర సెంట్లకు రాజీ కుదిరి అందరూ వలలు దింపారు, వాడు తప్ప.

పోయిన వారం హెర్మన్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా సంగతి ఎవరు చెప్పారు బావా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను" అన్నాడు ఈసక్కి.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను.

"అక్కా, నీ మొహం చూసి వీణ్ణి వదిలేస్తున్నాను" అని తమ్ముడు బాగున్న చేత్తో నన్ను దగ్గరకు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక ఫ్యాక్టరీలో కాపలా పని దొరికిందని, ఈదానూ పిల్లాణ్ణీ తీసుకుని మర్నాడే అలాస్కా ఓడ ఎక్కాడు.

అప్పట్నుంచి వాడికి నిజం రాసేస్తానంటే ఈసక్కి వద్దంటున్నాడు. "వాడికి ఈ దేశంలో ఉన్న తోబుట్టువు ఒక్క అక్కే. ఆ అక్కను కూడా లేకుండా చేయకు" అంటున్నాడు.

ఇవాళ పొద్దున అంతా ఒప్పుకుంటూ వాడికి రాసిన ఉత్తరం పోస్టులో వేసి వచ్చాకే నీకు రాయడానికి కూర్చున్నాను. వాడు నీకు ఏం రాయించి పంపినా నన్ను మాత్రం వెనకేసుకు రావద్దమ్మా.

ఇట్లు,
నీ పెద్దకూతురు
సెల్మా