మొహమాటం ఏ డబ్బాలో?

మార్చి 3

ఇవాళ కూడా ఆ కార్డు దగ్గరే ఆగిపోయాం.

మా డిపార్ట్‌మెంట్ ప్రాజెక్టు చెప్పుకోవడానికి తేలిక. నిఘంటువులోంచి మనిషి గుణాన్ని చెప్పే మాటలన్నీ ఏరాలి. ఒక్కో మాట ఒక్కో కార్డు మీద రాసి ఐదు డబ్బాల్లో సర్దాలి. కలుపుగోలుతనం, మెత్తదనం, బాధ్యత, ఆందోళన, కొత్తవాటి మీద ఆసక్తి. ఎలాంటి మనిషైనా ఈ ఐదింటి పాళ్ళలోనే దొరికిపోతాడని మా సారు నమ్మకం. గయ్యాళి, సోమరి, వాగుడుకాయ బుద్ధిగా వెళ్ళి వాటి డబ్బాల్లో కూర్చున్నాయి. మొహమాటం మాత్రం కూర్చోదు. సారు దాన్ని మెత్తదనంలో వేశారు. నేను తీసి ఆందోళనలో వేశాను. మొహమాటస్తుడు నలుగురిలో నోరు విప్పడు, కాబట్టి కలుపుగోలుతనం తక్కువనే కదా లెక్క అని టైపిస్టు గారు. ఆఖరికి కార్డును హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని ఇంటికొచ్చాను.

మా ఇంట్లో ఆ మాటకు నిలువెత్తు ఉదాహరణ ఉండేది. మా అన్నయ్య. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. మొహమాటమే పోయింది.

మార్చి 4

కళ్ళజోళ్ళ షాపు వాడిది. నోట్లో నాలుక లేని మనిషి. భోజనానికి పిలిస్తే రెండోసారి వడ్డించమని అడగలేక ఆకలితో తిరిగొచ్చే రకం. కస్టమరు అద్దంలో గుడ్లగూబలా కనిపిస్తున్నా, బాగుందండీ అనేవాడు.

డిసెంబరులో షాపు బోర్డు తుడుస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నుదురు వెనక దెబ్బ. ఆపరేషన్ అయింది. నడక, మాట, జ్ఞాపకం అన్నీ తిరిగొచ్చాయి. బండి బాగానే ఉంది, బ్రేకే సరిగ్గా పడటం లేదు, అది రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు గారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మావాడిది నిచ్చెనతో పోయింది.

మార్చి 9

షాపులో ఒకావిడ ఖరీదైన ఫ్రేమ్ పెట్టుకుని ఎలా ఉందని అడిగిందట. తీసెయ్యండి, మీ ముక్కు ఇంకా పొడుగ్గా కనిపిస్తోంది అన్నాడట. ఆవిడ కాసేపు మొహం ముడుచుకుని, వాడు చూపించినదే కొనుక్కుని వెళ్ళిందట. వదిన నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

మార్చి 15, ఆదివారం

వదిన వాళ్ళ అక్కా, బావగారూ వచ్చారు. వదిన ఎదురెళ్ళి, ఎన్నాళ్ళకు వచ్చారు అంటోంది. అన్నయ్య సోఫాలోంచి కుండ బద్దలు కొట్టాడు. అదేమిటి, వీళ్ళు రాకుండా ఉంటే బాగుండని పొద్దున నువ్వే అన్నావుగా అని.

వాళ్ళు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. వదిన వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తప్పేమన్నానని వాడు నన్నడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

మార్చి 16

వదిన మంచం మీద సూట్‌కేసు. కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్తానంది. నిన్నటి పరువు సంగతే అనుకున్నాను. కాదట.

చీరలు మడత పెడుతూ చెప్పింది. పద్నాలుగేళ్ళ కిందట వాళ్ళ నాన్నగారి కళ్ళజోడు కాడ ఊడిపోతుండేదట. బాగుచేయించడానికి ఎప్పుడూ తనే అన్నయ్య షాపుకు తెచ్చేదట. పనితనం అంతంతమాత్రమే అయినా కుర్రాడు బుద్ధిమంతుడని నచ్చి, ఒకరోజు నాన్నగారే వచ్చి కౌంటరు దగ్గర నిలబడి అడిగేశారట, మా అమ్మాయిని చేసుకుంటావా బాబూ అని. అన్నయ్య కళ్ళజోడు తుడుస్తూ, తలెత్తకుండా, మీ ఇష్టమండీ అన్నాడట.

అంతే. ఆ ఒక్క మాటతో పెళ్ళయిపోయింది. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి నాన్నగారికీ కాదని చెప్పలేకపోయాడేమోనని వదినకు అప్పటి నుంచీ అనుమానమట. మొహమాటానికి చేసుకున్న పెళ్ళి ఇది అంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక మోటు సామెత ఉంది, అది కూడా గుర్తు చేసి నవ్వబోయింది, కుదరలేదు.

అయితే అడిగెయ్ వదినా, ఇప్పుడు అబద్ధం చెప్పడుగా అన్నాను. అందుకే భయం అంది. అడక్కుండానే ఏదో ఒక రోజు చెప్పేస్తాడు, అది నా చెవిన పడకముందే వెళ్ళిపోతాను అంది.

ఇంత సైకాలజీ చదివి, చీరలు మడత పెట్టడంలో సాయం చేశాను.

మార్చి 17

సూట్‌కేసు ఇంకా మంచం మీదే ఉంది.

మార్చి 18

లంచ్ టైములో డబ్బాలు ముందు పెట్టుకుని అన్నయ్యను కొలిచాను. దెబ్బకు ముందు, ఇప్పుడు. బాధ్యత మారలేదు, షాపు తాళం ఇప్పటికీ రెండుసార్లు లాగి చూస్తాడు. మెత్తదనం మారలేదు, నిన్న నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది వాడే. ఆందోళనా అంతే. అప్పుడూ ఇప్పుడూ నలుగురు చేరితే మూల కుర్చీయే. కొత్త ఫ్రేములొస్తే చిన్నపిల్లాడిలా పెట్టె విప్పడమూ పోలేదు. ఐదు డబ్బాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయిందల్లా నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న కార్డే.

మొహమాటం గుణం కాదేమో. మూతేమో. మూత పోతే లోపలిది మారదు కదా. అలాగైతే వదినకు భయం అక్కర్లేదు. లేదా మరీ భయపడాలి.

మార్చి 20, సాయంత్రం ఆరు

సూట్‌కేసు ఎందుకని అన్నయ్యే అడిగాడు. నేను వరండాలో బట్టలు తీస్తున్నాను. లోపలికి వెళ్ళలేదు, పక్కకూ వెళ్ళలేదు.

వదిన అడిగేసింది. నన్ను ఇష్టపడి చేసుకున్నావా, మా నాన్నకు కాదని చెప్పలేక చేసుకున్నావా అని. నా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

ఆ కళ్ళజోడు స్క్రూ నేనే వదులుగా బిగించేవాణ్ణి అన్నాడు వాడు. కాడ ఊడితే మళ్ళీ నువ్వే తెస్తావని. ప్రతిసారీ. పెద్దాయన కళ్ళతో ఆడుకున్నానని సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఆయన అడిగిన రోజు ఆనందంతో గట్టిగా అరిచేస్తానేమోనని తల దించుకుని, మీ ఇష్టమండీ అన్నాను.

వదిన నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు. ఆ రిపేరు వాడికి పని రాదని మా నాన్న తిడుతుంటే నేనే కదా వెనకేసుకొచ్చింది అంది. ఆ తర్వాత వాడు, నువ్వు కట్టుకొచ్చే పసుపు చీర మాత్రం నీకసలు బాగుండేది కాదు అన్నాడు.

సూట్‌కేసు అటక ఎక్కింది.

ఏప్రిల్ 8

మూత సంగతి సారుకు చెప్పాను. ముప్ఫై దాటాక గుణాలు స్థిరపడతాయి, మూతల గురించి ఎక్కడా లేదు అన్నారు. అయినా రాసి చూపించమన్నారు. కాదనలేకపోయారు, పాపం. ఆయనకూ ఆ మూత ఉందని తెలిసింది.

మే 2

బ్రేకు కొద్దికొద్దిగా పడుతోందన్నారు డాక్టరు గారు. వదిన సంతోషించింది. దారిలో ఆటోలో నా చెవిలో, పూర్తిగా పడకపోతే బాగుండు అంది.

మే 11

పొద్దున ఇంకొంచెం కాఫీ పోయనా అని వదిన అడిగింది. అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, తలెత్తకుండా, నీ ఇష్టం అన్నాడు.

వదిన కప్పు అంచుదాకా పోసింది.