స్టోరు గుమ్మంలో మాట

బొబ్బిలి, జూన్ 2016

చిరంజీవి ధర్మేంద్రని నరసింగరావు మావయ్య దీవించి రాసే కార్డు.

ఫోనులో మాట నా సెవికి ఆనదు, అందుకే ఇది. సర్వర్లకీ స్టోరేజీకీ మధ్య నమ్మకం కుదర్సడమే నీ ఉద్యోగమని మీ అమ్మ సెప్పింది. మన హోటల్లోనూ అదే గొడవరా. సర్వర్ వెళ్ళి అడగడం, స్టోరేజీ తీసి ఇచ్చీడం. ఏటి ఎంత పోతన్నాదో తెలీదు. ఉపాయం రాయి.

మీ మావ

తా.క. ఈ పనికి నెలనెలా జీతం ఇస్తారంటే నమ్మలేకపోతన్నాను.

*

విశాఖపట్నం

మావయ్యకి నమస్కారాలు.

హోటల్లో కంప్యూటర్లు పెట్టావని అమ్మ చెప్పనేలేదు. సర్వర్ వచ్చినప్పుడల్లా స్టోరేజీ ఒక రహస్య మాట అడగాలి. సరిగ్గా చెప్తేనే తలుపు తియ్యాలి. స్టోరేజీ కూడా తన మాట చెప్పాలి. వచ్చింది సరైన చోటికేనని సర్వర్‌కి తెలియాలి కదా. రెండు మాటలూ ఒకటి కాకూడదు. పన్నెండు అక్షరాలకి తగ్గకూడదు.

నీ మేనల్లుడు ధర్మేంద్ర

తా.క. మాటలు గోడమీద రాసిపెట్టకు. అందరూ చేసే తప్పు అదే.

*

బొబ్బిలి

ఒరే ధర్మా, దీవెనలు.

నువ్వు సెప్పినట్టే పెట్టాను. పాత సర్వర్‌తోనే సిక్కు. మాట బయటికి రాదు. ఎన్నిసార్లు అడిగినా తలుపు దగ్గర ఊరికే ఆగిపోడం. ఈలోగా బల్లల దగ్గర జనం అరుపులు. ఏటి సెయ్యమంటావు?

మీ మావ

తా.క. కొత్త సర్వర్‌తో ఏ బాధా లేదు. అడక్కముందే మాట వచ్చేస్తన్నాది.

*

విశాఖపట్నం

మావయ్యా, నమస్కారం.

పాతవాటితో ఎప్పుడూ అంతే. జాలిపడకు, తీసెయ్. ముందు అందులో ఉన్నదంతా కొత్త సర్వర్‌కి ఎక్కించు. పాతది ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్, లేకపోతే తుక్కుకి వేసెయ్.

ధర్మేంద్ర

తా.క. పంపేముందు శుభ్రంగా తుడవాలి. మర్చిపోకు.

*

బొబ్బిలి

ధర్మాకి మావ దీవెనలు.

తీసీసాను. సదువుకున్నోడివి, జాలిపడొద్దన్నావు. మన పాత సర్వర్ అసిరయ్య ‘సరే బాబూ’ అన్నాడు. ఉన్నదంతా కొత్త సర్వర్‌కి ఎక్కించమన్నావని ఆణ్ణి కొత్తోడి పక్కన కూకోబెట్టాను. ఏ గుమస్తాకి ఉప్మాలో జీడిపప్పు పడదో, వీణలు సేసే మాస్టారికి కాఫీ ఎంత సల్లార్చాలో, అన్నీ ఒప్పసెప్పాడు. భుజమ్మీద తువ్వాలు స్టోరు సూసే గురమ్మ చేతికిచ్చి ఎళిపోయాడు. తుడవమన్నావు గానీ, ఆ బల్లలన్నీ ఆడే తుడిసి మరీ ఎళ్ళాడు.

మీ మావ

తా.క. సర్వర్ మాట ‘ముదురు ములక్కాడ ముక్కల సాంబారు’. కొత్తోడు గుమ్మంలో అరిస్తే, నాలుగో బల్ల వాళ్ళు తమకీ ఒకటి తెమ్మన్నారు.

*

విశాఖపట్నం

మావయ్యా,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. నేను రాసింది కంప్యూటర్ల గురించి. మా ఆఫీసులో సర్వర్ అంటే ఒక పెట్టె, స్టోరేజీ అంటే ఇంకో పెట్టె. చిన్నప్పుడు పెసరట్టు తుంచి నా నోట్లో పెట్టిన మనిషిని తుక్కుకి వేసెయ్యమని నా చేత్తోనే రాశాను. ఎక్కడున్నాడో కనుక్కో. వెళ్ళి పిలుచుకురా.

ధర్మేంద్ర

తా.క. నా ఉద్యోగం ఏమిటో అమ్మకి మళ్ళీ చెప్పాను. ఈసారి కరెంటు పని అనుకుంటోంది.

*

బొబ్బిలి

నాయనా ధర్మా,

భోగాపురం వైపు పెళ్ళివంటల వాళ్ళతో ఉన్నాడంటే బస్సెక్కి ఎళ్ళాను. పందిట్లో వడ్డిస్తన్నాడు. “మాట మర్సిపోడం తప్పేటి కాదురా, ఈ వయసులో ఎవుడికైనా అంతే. వచ్చీ” అన్నాను.

“మర్సిపోనేదు బాబూ. మొదటిరోజే నోటికొచ్చీసింది. ఆ గుమ్మానికి ఏటేటా పసుపు రాసినోణ్ణి. అక్కడ నిలబడి, నేను నేనేనని సెప్పుకోడానికి నోరు రానేదు” అన్నాడు.

కోపం నేదట. రావడానికి మాత్రం మనసొప్పలేదు. నేనింక బతిమాల్లేదు. నువ్వు బాధపడకురా. నువ్వు పెట్టె అనుకుని రాశావు. నా ఎదురుగా ఉన్నది మనిషి.

మీ మావ నరసింగరావు

తా.క. తిరిగొచ్చేస్తంటే సెయ్యి పట్టుకుని భోజనాల బంతిలో కూకోబెట్టాడు. పెళ్ళోరు వచ్చి, ఈయన ఎవరి తరపని అడిగారు. నేను నోరు తెరిసేలోగా, “నా తరపు” అన్నాడు.