గోడ ముట్టలేదు

శుక్రవారం, రాత్రి

ఈరోజు వనపర్తిలో ఈత పోటీ. రిలేలో మా బడి జట్టే ముందొచ్చింది. అయినా నా వల్ల నలుగురి పేర్లూ కొట్టేశారు. అవతలి గోడను ముట్టి వెనక్కి తిరగాలి. నేను మూరెడు దూరంలోనే తిరిగేశాను.

"రోజు చెప్తనే ఉన్న గదమ్మా," అన్నారు పీఈటీ మేడమ్. నిజమే. ప్రాక్టీసులో ముడతాను. ఈరోజు తొందరలో బావి ఈత వచ్చేసింది.

తిమ్మాజిపేటలో మా చేను బావిలో ఈత నేర్పింది నాయిన. నా నడుముకు ఖాళీ డబ్బా కట్టి, గట్టు మీద నిలబడి చెబుతుండేవాడు: "రాళ్ల సందుల పాములుంటయి బిడ్డా. గోడ దాక పోకు, ముందుగాల్నే మర్లు."

సాయంత్రం హాస్టల్ వార్డెన్ ఫోన్‌లో నాయినతో మాట్లాడాను.

"ఓడిపోయినం నాయినా."

"పరేషాన్ గాకు. నేనే సరింగ నేర్పలేదేమో."

ఆయన చెప్పింది మరిచిపోకపోవడం వల్లే ఓడానని ఎలా చెప్పను?

రేపటి నుంచి మేడమ్ నాతో రోజూ ఇరవైసార్లు గోడ ముట్టిస్తారట. చేతికి అలవాటు కావాలట. అవుతుంది. తర్వాత సెలవులకు ఇంటికి వెళ్తాను, మళ్లీ బావిలో దిగుతాను. అప్పుడు ఈ చేయి ఎవరి మాట వింటుందో...