వంతెన కింద ఖాళీ బండి

సునందకు,

నువ్వు, సుహాసిని, అవ్వ చల్లగా ఉండాలి. నేనీ ఎడారి దేశంలో కులాసా అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను.

రత్నాకర్ సెలవు నుంచి వస్తూ తెచ్చిన నీ ఉత్తరం, మామిడి తొక్కు అందాయి. మోకాలి నొప్పి తగ్గింది. ప్రపంచ కప్పు ఆట చూస్తావా అని సుహాసిని అడిగింది కదా, స్టేడియం గోడను బయటి నుంచి రోజూ చూస్తున్నానని చెప్పు. ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నానన్నావు. దానికి జవాబు రాయబోయి ఇప్పటికి రెండు కాగితాలు చింపాను.

పాత బజారు గల్లీలో రెండు మిద్దెలను కలుపుతూ, మీద కప్పున్న పాత వంతెన ఒకటుంది. ఒకప్పుడు ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎండ తగలకుండా దాని మీదుగా అటూ ఇటూ నడిచేవారట. ఆటలకు వచ్చే దేశదేశాల వాళ్లకు చూపించాలని రెండేళ్లుగా బాగుచేస్తున్నారు. పది రోజుల కింద నా టిప్పర్ దాన్ని గుద్దింది.

రాళ్ల లోడుతో లోపలికి వెళ్లేటప్పుడు పైన నాలుగు వేళ్ల సందుతో వంతెన కింద సుఖంగా దాటాను. రాళ్లు దింపి తిరిగి వస్తుంటే, బండికి ముందు నడిచి దారి చూపే హుస్సేన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“అన్నా, జర ఆగు. ఖాళీ బండి లేస్తది. కొలిచి సూస్త.”

“గంట కింద గీడికెల్లే వచ్చినం గదనే! యల్లా, జల్ది పక్కకు జరుగు,” అన్నాను.

లోడు దిగితే బరువుకు అణిగిన కమాన్ పట్టీలు లేచి బండి ఎత్తు పెరుగుతుంది. పన్నెండేళ్లుగా నడుపుతున్నవాణ్ణి, నాకు తెలియదా? తొందర! వంతెన అడుగు దూలాలు రెండు విరిగి, మట్టి నా అద్దం మీద కురిసింది. పైన పనిచేసేవాళ్లు భోజనానికి దిగారు కాబట్టి బతికిపోయారు.

అసలు మాట ఇంకా రాయలేదు. ఇంజనీరు కామేశ్వరరావు గారు వచ్చి, “నిన్ను ఎవరు రమ్మన్నారయ్యా?” అని అడిగారు.

“హుస్సేన్ చెయ్యి ఊపిండు సార్,” అన్నాను.

అబద్ధం, సునందా. అతను కాదని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. శుక్రవారం అతన్ని ఇంటికి పంపేస్తున్నారు. వచ్చి ఏడు నెలలే అయింది.

అప్పటి నుంచి అతను నా మంచం దిక్కు రాలేదు. నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. క్యాంపు చుట్టూ తిరిగి వస్తాను, మళ్లీ లేచి తిరుగుతాను. ఇంటికి పోయేవాడు మన దిక్కువాళ్లందరినీ అడిగి ఉత్తరాలూ పొట్లాలూ పట్టుకుపోవాలి కదా. ఇవాళ మధ్యాహ్నం అన్ని మంచాల దగ్గరా ఆగినట్టే నా మంచం దగ్గరా ఆగాడు. నా మొహం చూడకుండా అడిగాడు.

“ఇంటికేమన్న ఇస్తవా? మీ ఊరి మీదికెల్లే పోవాలె.”

ఆ మాటకే ఈ ఉత్తరం. రేపు ఏడింటికి ఇంజనీరు గారి గది తెరుస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకుంటున్నాను. చెబితే నన్ను పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. భయంగా ఉంది.

ఎప్పుడొస్తావని అడిగావు. ఈ ఉత్తరం హుస్సేన్ తెచ్చి ఇస్తే, నేను నోరు విప్పలేదని తెలుసుకో. అతన్ని వాకిట్లో నిలబెట్టకు. కూర్చోబెట్టి అన్నం పెట్టు, తర్వాత ఇది అతనికి చదివి వినిపించు.

నేనే తెచ్చి నీ చేతికిస్తే, ఎందుకొచ్చావని అడగకు.

ఇట్లు,
సుహాసిని బాపు,
రాజన్న